వెనుక పలక

గోడకు ఆనించిన అలమార వెనుకభాగమును ఎవరును చూడరు. కాని నేటి యిండ్లలో కొందరు వంటగది నడుమ, గోడను తాకకుండ, అరలుగల బల్లను నిలుపుచున్నారు. వండువారికి అది ముందు. ఎదుట కూర్చుండి భుజించువారికి దాని వెనుకయే ముఖము.

మా యింట అట్టి బల్లను చేయించినపుడు, వెనుక పలకకు మేకులు కొట్టిన చాలునని వడ్రంగిని నేనే తొందరపెట్టితిని. వానకాలమున బిగించిన ఆ టేకు పలక వేసవిలో నిలువునా చీలెను.

వృద్ధుడైన ఆ వడ్రంగి దానిని చూచి యిట్లనెను: "పంతులుగారూ, కొయ్య తేమను పీల్చి అడ్డముగా ఉబ్బును, ఎండినపుడు కుంచించుకొనును. పొడవున దాదాపు మారదు. రెండంచులను బంధించినచో అది చీలక యేమి చేయును?"

పిమ్మట అతడు చట్రము చేసి, దాని లోపలి అంచులలో గాడి తీసెను. క్రొత్త పలకను చిత్రికపట్టి, నార వెంబడి గరుకు కాగితముతో రుద్ది, రెండువైపులను వార్నిషు పూసెను. అది ఆరిన తరువాత జిగురుగాని మేకుగాని లేకుండ, కొంచెము సందు విడిచి, గాడిలో నిలిపెను.

"లోపలివైపు ఎవరు చూతురు?" అని అడిగితిని.

"ఎవరును చూడరు. కాని ఒకవైపే పూసినచో, పూయనివైపు తేమను త్వరగా పీల్చును; పలక వంగును" అనెను.

ఆ పలక నేటికిని చక్కగా నున్నది. బాలలారా, కనబడని వైపున చేసిన పనియే కనబడు వైపును కాపాడినది. తొందరపెట్టిన నాకు ఆ చీలిక మంచి గురువైనది.