గుర్రం బొమ్మకు ధర కట్టేదెప్పుడు?

బదిలీ మీద విజయవాడ నుంచి ఖిదిర్‌పూర్ శాఖకు వచ్చి రెండేళ్లయింది. ఈ మహానగరంలో మా ఇంటిల్లిపాదికీ మొదట దగ్గరైనవి గుర్రాలే. ఆదిగంగ మీది వంతెన దాటితే రేస్‌కోర్సు, ఆ పక్కనే మైదానంలో పచ్చిక మేసే గుర్రాలు, విక్టోరియా మెమోరియల్ ముందు బళ్లకు కట్టినవి. వాటిని చూసింది మొదలు పదో తరగతి చదివే మా అమ్మాయి టాబ్లెట్ మీద గుర్రాలు గీయడం మొదలుపెట్టింది.

కిందటేడు మా అపార్టుమెంటులో ఒక పెద్దాయన మనవడి పుట్టినరోజుకు పరుగెత్తే గుర్రం బొమ్మ అడిగారు. "ఊరికే ఎందుకు? ఐదువందలు తీసుకో. శనివారంలోగా ఇచ్చెయ్" అన్నది నేనే. ఎం.బి.ఏ. చదివాను కదా, ప్రతిదానికీ ఒక ధర, ఒక గడువు ఉండాలనుకుంటాను. బొమ్మ అందరికీ నచ్చింది. వారం తర్వాత ఆయన కొడుకు, అచ్చం అదే గుర్రాన్ని ఇంటర్నెట్‌లో ఒక ఫొటోలో చూశానని మర్యాదగానే చెప్పారు. అడిగితే మా అమ్మాయి తల దించుకుంది. ఫొటోను కింద పొరలో పెట్టి, దాని మీద గీసింది. "శనివారంలోగా అన్నావు కదమ్మా, నాకు పరుగెత్తే కాళ్లు రావు" అంది.

డబ్బు తిరిగి ఇచ్చి, క్షమాపణ చెప్పాం. తప్పు దానిది సగమైతే, నేర్పు కుదరకముందే ధర కట్టిన నాది మిగతా సగం. ఆ తర్వాత మేమిద్దరం నేర్చుకున్నవి, పిల్లలు బొమ్మలు వేసే మన సిబ్బంది ఇళ్లలో పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు గుర్రాన్ని తెలుసుకోవాలి

గుర్రం ముందు కాలిలో మోకాలులా కనిపించేది నిజానికి మణికట్టు. వెనక కాలిలో వెనక్కి వంగినట్టుండేది మడమ. గుర్రం ఒక్కో కాలికి ఒకే వేలి మీద, దాని గిట్ట మీద నిలబడుతుంది. ఈ మూడూ తెలిశాక మా అమ్మాయి గీసిన కాళ్లు బల్ల కాళ్లలా ఉండడం మానేశాయి.

పరుగు విషయంలో మహామహులే పొరబడ్డారు. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ డెర్బీ చిత్రంలో గుర్రాలు ముందు కాళ్లు ముందుకీ, వెనక కాళ్లు వెనక్కీ చాచి గాలిలో తేలుతుంటాయి. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ వరసగా తీసిన ఫొటోలు అసలు సంగతి తేల్చాయి. నాలుగు కాళ్లూ నేలను వదిలే క్షణంలో అవి చాచుకుని ఉండవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి.

గుర్రాల బొమ్మలకు పేరుపడ్డ కోల్‌కతా చిత్రకారుడు సునీల్ దాస్ పోలీసు గుర్రపుశాలలకు వెళ్లి, ఎదురుగా చూస్తూ బొగ్గుతో గీసి చెయ్యి కుదుర్చుకున్నారు. మేమూ ఆదివారం ఉదయాలు మైదానానికి వెళ్లాం. నిమిషానికొక బొమ్మ, ఉదయానికి ఇరవై. అందులో పదిహేను పనికిరావు. ఫరవాలేదు.

తెర మీద సాధన

మూడు అలవాట్లు బాగా పనిచేశాయి. ఒకటి, బొమ్మను మధ్యమధ్య అద్దంలోలా ఎడమ కుడులు తిప్పి చూడడం. కంటికి అలవాటైపోయిన వంకర వెంటనే బయటపడుతుంది. రెండు, ఆకారమంతా నల్లరంగు నింపి చూడడం. నల్లటి నీడగా కూడా గుర్రమనిపిస్తేనే ముందుకు వెళ్లాలి. మూడు, అచ్చుకు ఇచ్చేదైతే మొదటే సరైన కొలత పెట్టుకోవడం. ఏ4 కాగితం మీద అంగుళానికి 300 చుక్కలు కావాలంటే 2480 × 3508 పిక్సెళ్లు ఉండాలి. తెర మీద మెరిసే రంగులు కాగితం మీద కాస్త మందగిస్తాయి కాబట్టి నమూనా ప్రింటు తప్పనిసరి. క్రిటా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దీనికంతటికీ చాలు.

ధర ఎప్పుడు?

మేం మూడు ప్రశ్నలు పెట్టుకున్నాం. బొమ్మ పూర్తిగా సొంతమేనా? అంటే భంగిమ తన స్కెచ్ నుంచో, అనుమతి తీసుకున్న ఫొటో నుంచో వచ్చిందా? అదే స్థాయి బొమ్మ చెప్పిన గడువులో మళ్లీ వేయగలదా? మొహమాటం లేని కొత్తవారు కూడా కావాలని అడిగారా? మూడింటికీ అవునంటే ధర చెప్పవచ్చు. ఒక్కదానికి కాదన్నా, అది ఇంకా సాధనే.

ధరకు మా లెక్క సులువు. 6 గంటల పని, గంటకు 120 రూపాయలు అనుకుంటే 720. ప్రింటుకు 180. మొత్తం 900. సగం ముందుగా, రెండుసార్లకు మించి మార్పులు లేవని మొదటే చెప్పాలి. కాపీరైట్ ఎవరిదన్నదీ మొదటే మాట్లాడుకుని ఒప్పుకోవడం మేలు.

మన ఇళ్లకు ప్రత్యేకం

మైనరు చేసిన ఒప్పందం చెల్లదని మనం పరీక్షల్లో చదివిన మొహరీ బీబీ తీర్పు (1903) ఈ కోల్‌కతా వ్యాజ్యంలోనిదే. కాబట్టి పెద్ద పని ఒప్పుకునేటప్పుడు మాట తల్లిదండ్రులదై ఉండాలి. మైనరు తన సొంత ప్రతిభతో సంపాదించినది తల్లిదండ్రుల ఆదాయంలో కలవదు. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడపవచ్చు. డబ్బు అందులోకే రానివ్వండి, లెక్క వాళ్లకూ తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, కుటుంబంలో ఎవరైనా వ్యాపారం చేస్తుంటే అధికారులు బ్యాంకుకు తెలియజేయాలని మన ప్రవర్తన నియమావళి చెబుతుంది. అమ్మకాలు క్రమంగా సాగేటట్టుంటే ముందే హెచ్.ఆర్. విభాగాన్ని అడగండి. నా మటుకు నేను, శాఖకు వచ్చే ఖాతాదారులకు అమ్మాయి బొమ్మలు చూపించను. అప్పు కోసం వచ్చినవారు ఎలా కాదనగలరు?

మొన్న సంక్రాంతికి అమ్మాయి ఆ పెద్దాయనకు కొత్త గుర్రం ఇచ్చింది. మైదానంలో చూసి గీసినది, డబ్బు తీసుకోలేదు. ఆయన చాలాసేపు చూసి, "ఇది మా మనవడిది. నా గదికి ఇంకొకటి కావాలి, ఎంత?" అన్నారు. అది నా వైపు చూసింది. నేను మాట్లాడలేదు.

"తొమ్మిదివందలు అంకుల్, మూడు వారాలు పడుతుంది" అంది.