ఊపిరి తీసుకున్నా ఆగని నాదం

గాలి ఊదితే పలికే వాద్యాలను సుషిర వాద్యాలు అంటారని మీకు తెలుసు. 'సుషిరం' అంటే రంధ్రం. మరి వాయించే వ్యక్తి ఊపిరి తీసుకోవలసి వచ్చినప్పుడు నాదం ఏమవుతుంది? వేణువు సాధారణంగా ఆగుతుంది. ఆ విరామం పాటలో కలిసిపోతుంది. ఆగకూడదనుకున్నవారు ఏం చేశారో ఇప్పుడు చూద్దాం.

స్కాట్లండ్ బ్యాగ్‌పైప్‌ను మీరు సైనిక కవాతుల్లో చూసి ఉంటారు. వాద్యకారుడు చంక కింద ఉన్న తిత్తిని నోటితో ఊది నింపుతాడు. ఊపిరి తీసుకునే క్షణంలో చేతితో తిత్తిని నొక్కుతాడు. కమ్మరి కొలిమి తిత్తిని ఎరిగినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. మన వీధి నాటకాల్లో శ్రుతి కోసం ఊదిన తోలు వాద్యం పేరు కూడా తిత్తే.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. శబ్దం పుట్టించే రీడు, అంటే గాలికి అదిరే పలుచని రెల్లు ముక్క, పెదవులకు అందదు. నాదాన్ని మధ్యలో తుంచడానికి వీలుండదు. ఒకే స్వరాన్ని వెంటవెంటనే రెండుసార్లు పలికించడం ఎలా? మధ్యలో మరో స్వరాన్ని వేలితో రెప్పపాటులో తాకి వదులుతారు. ఆ సంగీతంలో వినిపించే చిరు విరుపులు అందం కోసమే అనుకోకండి. అవి లేకపోతే రెండు స్వరాలు ఒకటిగా వినిపిస్తాయి.

ఉత్తర ఆస్ట్రేలియాలోని యోల్ఙు ప్రజలకు తిత్తి అవసరం రాలేదు. చెదలు లోపల తొలిచిన యూకలిప్టస్ మాను వారి వాద్యం. వారు దానిని యిడాకి అంటారు. బయటివారికి అది డిజెరిడూ. బుగ్గల్లో గాలి నిలుపుకొని, దానిని బయటికి నెడుతూ అదే సమయంలో ముక్కుతో పీలుస్తారు. ఆ పీల్చే ఊపు కూడా లయలో భాగమవుతుంది.

మీరే ప్రయత్నించండి. గ్లాసు నీటిలో సన్నని గొట్టం పెట్టి, బుడగలు ఆగకుండా ఊదుతూ ముక్కుతో గాలి తీసుకోండి. తల తిరిగితే వెంటనే మానండి.

నాదస్వరంలో రీడు పెదవుల మధ్యే ఉంటుంది. స్వరాన్ని వంచడం, ఊపడం, మెల్లగా పలికించడం సాధ్యం. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) రాగాలాపన వింటే ఆ స్వేచ్ఛ ఎంతటిదో తెలుస్తుంది. ఇక ఆగని శ్రుతి కోసం పక్కన మరొకరు 'ఒత్తు' ఊదేవారు. నేడు ఎక్కువగా శ్రుతిపెట్టె ఆ పని చేస్తోంది.

పాఠగత ప్రశ్న: బ్యాగ్‌పైప్‌లో తిత్తిని తీసివేసి, రీడును నేరుగా పెదవుల మధ్య పెట్టుకుని ఊదితే వాద్యకారుడికి ఏది దక్కుతుంది? ఏది పోతుంది? మూడు వాక్యాల్లో రాయండి.