వేషం మానకు

మేనల్లుడా,

పిల్లలకి నాటకం పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది గదా, ఇక మన నాటక సమాజంలో వేషాలు మానుకోమని ఇంట్లో అంటున్నారని రాశావు. మానకు. నీ వేషం క్లాసులోకి ఎంతవరకు రావాలన్నదే నువ్వు చూసుకోవాలి.

నీ దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది 1955 నాటి ‘కన్యాశుల్కం’ సినిమా చూసే వస్తారు. గిరీశం డైలాగు చెప్పమంటే, అందులో ఆ వేషం వేసిన రామారావు గారి గొంతు దిగుతుంది. దాన్ని వదిలించే తొందరలో “అలా కాదురా, ఇదిగో ఇలా” అని నువ్వు చేసి చూపించావనుకో, రామారావు గారు పోయి నువ్వు దిగుతావు. నాటక పరిషత్తుల్లో బహుమతులు కొట్టిన నటులకి ఈ జబ్బు మరీ ఎక్కువ. చేసి చూపించకు, అడుగు. అప్పులవాళ్లకి దొరక్కుండా శిష్యుడు వెంకటేశం వెంట కృష్ణరాయపురం అగ్రహారం చెక్కేద్దామని చూస్తున్న గిరీశం, వాడితో ఈ మాట ఎందుకంటున్నాడు? అది తేలితే గొంతు దానంతటదే మారుతుంది.

పద్యం దగ్గర ఇంకా కష్టం. ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకంలో కృష్ణుడు పద్యం ఎత్తుకున్నాడంటే జనం రాగం కోసమే చెవులు రిక్కిస్తారు, వన్స్ మోర్ అంటారు. నీకూ ఆ కేకంటే ఇష్టమేనని నాకు తెలుసులే! నటుడు బళ్లారి రాఘవ గారికి మాత్రం ఆ రాగాల సాగతీత గిట్టేది కాదు. ఆయనా నీలాగే పగలు వృత్తి ఉన్నవాడు, వకీలు. పద్యాన్ని ముందు మామూలు మాటగా చెప్పించు. భావం కుదిరాక హార్మోనియం దగ్గరికి పంపు.

మరి సమాజంలో వేషం ఎందుకంటావా? పిల్లలు చూడ్డానికి. ప్రదర్శన ఒక్కటే కాదు, రిహార్సల్స్‌కి రమ్మను. పోర్షన్ రాక నువ్వు తడుముకోవడం, దర్శకుడు అందరి ముందూ నిన్ను కసరడం చూడనీ. ప్రాంప్టింగ్ వాళ్లకే అప్పగించు. ఎదుటివాడు క్యూ మింగేసినప్పుడు సీను ఎలా నిలబెడతారో పుస్తకంలో దొరకదు. 1885లో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక సమాజం వాళ్ల పిల్లలకి స్టేజీయే ఇల్లు, అన్నీ అక్కడే పట్టుబడేవి. మీ పిల్లలకి ఆ ఇల్లు లేదు.

ప్రదర్శన అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది కాబట్టి మర్నాడు మొదటి పీరియడ్ పెట్టుకోకు.

ఇంకొకటి. నువ్వు మాస్టారివని తెలియగానే సమాజం వాళ్లు “మీ పిల్లల్ని నలుగుర్ని పంపండి” అంటారు. తీరా వెళితే ఇచ్చేవి భటుల వేషాలు, చేయించేది పరదాలు లాగే పని, టీలు తెచ్చే పని. మాటలున్న వేషం ఒక్కటైనా ఇస్తేనే పంపుతానని మొహమాటం లేకుండా చెప్పు. పరీక్షల నెలలో అదీ వద్దు.

ఇట్లు
నీ మామయ్య