వేట నిలిచిన 61 రోజులు: పడవ ఇంజనును మనమే భద్రపరచవలెనా, మేస్త్రీకి అప్పగించవలెనా?

మన తూర్పు తీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవలును, ఇంజను బిగించిన తెప్పలును సముద్రములో వేటకు పోరాదు. చేపలు గ్రుడ్లు పెట్టి పిల్లలను వృద్ధిచేయు కాలము గనుక ఈ నిషేధము ఏర్పడినది. కార్తెల లెక్కన చెప్పవలెనన్న, అశ్వనిలో ఒడ్డెక్కిన పడవ భరణి, కృత్తిక, రోహిణి ఎండలన్నియు భరించి మృగశిరలో తిరిగి నీట దిగును.

ఈ రెండు నెలలును ఇంజను పనిచేయదు గనుక దానికి వచ్చు నష్టమేమియు లేదని పెక్కుమంది తలచుదురు. ఇది సరికాదు. నడుచుచున్న ఇంజనుకంటె, ఉప్పునీరు కడగక విడిచిన ఇంజనుకే ఎక్కువ చెరుపు కలుగును. పైగా పడవ దిగు సమయమునకు నైరుతి గాలులు ప్రారంభమై సముద్రము పోటుమీద నుండును. ఒడ్డుకు కొన్ని మైళ్ల దూరములో, నలుగురైదుగురు మనుష్యులున్న పడవలో ఇంజను ఆగిపోయిన యెడల జరుగు ప్రమాదము వేరుగ చెప్ప నక్కరలేదు. రెండు నెలలు రాబడి లేని ఇంటికి, దిగిన మొదటి వారమే మరమ్మతు ఖర్చు మీదబడుట మరియొక కష్టము. నిషేధకాలపు భృతిగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025లో ఒక్కొక్క మత్స్యకార కుటుంబమునకు 20,000 రూపాయలు ఇచ్చినది. ఆ సొమ్ము ఇల్లు గడుచుటకే గాని ఇంజను బాగుచేయించుటకు మిగులదు.

అందుచేత ఈ పనిని యజమాని తానే చేసికొనవలెనా, కూలి ఇచ్చి మేస్త్రీచేత చేయించవలెనా అను ప్రశ్న ప్రతి ఏట వచ్చుచున్నది. కొందరు ఖర్చునకు వెరచి అన్నియు తామే విప్పుదురు. మరికొందరు ఇంజనును తెచ్చి మేస్త్రీ పాకలో పడవేసి జూన్ నెలలో తిరిగి చూతురు. రెండును నష్టమే. తన చేతితో చేయవలసిన పని యజమాని ముందు చేసినచో, దేనికి డబ్బు ఇవ్వవలెనో ఆ పనియే అతనికి తెలుపును.

చలి దేశముల పద్ధతి

ఇంజనులతో వచ్చు పుస్తకములలో పడవను శీతకాలమునకు సిద్ధపరచుటను గురించి వ్రాసియుండును. ఆ దేశములలో ముఖ్య శత్రువు మంచు. నీరు గడ్డకట్టునపుడు సుమారు నూటికి 9 వంతులు ఉబ్బును. ఇంజను లోపల నిలిచిన కొద్దిపాటి నీరు అట్లు ఉబ్బి పోత ఇనుమును సైతము పగులగొట్టును. గనుక అక్కడివారు నీరంతయు తీసివేసి, గడ్డకట్టని ద్రావకమును పోయుదురు. మన తీరమున గడ్డకట్టు భయము లేదు. మనకు శత్రువులు ఉప్పు, గాలిలోని చెమ్మ, నిలువ ఇంధనము, ఎండ. ఉప్పునీరు ఆరిపోయినను ఉప్పు మిగులును. అది గాలిలోని తేమను పీల్చి లోహమును ఎల్లప్పుడు తడిగా నుంచును. ఆ తడిలోనే తుప్పు పెరుగును.

మరియొక భేదము కూడ గలదు. అక్కడ సరదాకు పడవ ఉంచుకొనువారికి తీరిక తక్కువ, డబ్బు ఉండును. గనుక మేస్త్రీకి ఇచ్చివేయుదురు. మన వేటగానికి 61 దినములు తీరికయే. కొరతపడునది పరికరములును, మేస్త్రీయొక్క సమయమును. కావున మేస్త్రీ గంటలను మేస్త్రీ మాత్రమే చేయగల పనికి కొనుట మంచిది.

మొదటి దినము పని యజమానిదే

ఇంజనును మంచినీటితో కడుగు పని చివరి వేట ముగిసిన దినముననే జరుగవలెను. ఆ దినమున రేవులోని పడవలన్నియు ఒక్కసారి ఒడ్డుకు వచ్చును. ఏ మేస్త్రీయు అందరికి అందడు. నాలుగు దినములు ఆగిన యెడల ఉప్పు గొట్టములలో పేరుకొని, తరువాత ఎంత నీరు పోసినను కదలదు.

తెప్ప వెనుక తగిలించు ఇంజనుకు పెద్ద డ్రమ్ము చాలును. పంకాను ఊడదీసి, ఇంజనును డ్రమ్ములో నిలువుగా నుంచి, నీరు పీల్చు రంధ్రములు బాగుగా మునుగునట్లు మంచినీరు పోయవలెను. గేరు వేయక, నెమ్మదిగా పది నిమిషములు నడిపిన చాలును. ప్రక్కనున్న సన్నని రంధ్రమునుండి నీటిధార సమముగా వచ్చుచుండవలెను. ధార లేనిచో వెంటనే ఆపవలెను. నీరు లేకుండ ఒక్క నిమిషమైనను నడిపిన, లోపలి నీటి పంపు రబ్బరు మాడిపోవును. ఈ పని ఆరుబయట చేయవలెను గాని మూసిన పాకలో చేయరాదు. పొగలోని విషవాయువు వాసన లేనిది, మనిషిని తెలియకుండ చంపును.

కడుగుట ముగియుచుండగా ఇంధనపు గొట్టము ఊడదీసి, కార్బ్యురేటరులోని పెట్రోలు హరించి ఇంజను తానే ఆగునట్లు చేయవలెను. తరువాత ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులో చిన్న చెంచాడు ఇంజను ఆయిలు పోసి, తాడును నాలుగైదుసార్లు మెల్లగా లాగి, ప్లగ్గులను తిరిగి బిగించవలెను. ఇంజనును ఇంట గాలి తగులు చోట కొయ్యచట్రముపై నిలువుగా నుంచవలెను. పంకావైపు ఎత్తుగా పరుండబెట్టిన యెడల మిగిలిన నీరు సిలిండరులోనికి దిగును. పొయ్యి దగ్గర ఉంచరాదని వేరుగ చెప్పనేల!

గేరు ఆయిలు తెలుపు సంగతి

ఇంజనును విప్పకయే దాని లోపలి స్థితిని తెలిసికొను మార్గము ఒకటి కలదు. క్రింది గేరు పెట్టెలో ఆయిలు వదలుటకు క్రింద ఒక మరయు, పైన ఒక మరయు ఉండును. ముందు క్రింది మరను, తరువాత పై మరను తీసి, ఆయిలును తెల్లని పింగాణి గిన్నెలోనికి పట్టవలెను. ఇది తప్పక యజమాని కన్నులయెదుట జరుగవలెను.

ఆయిలు నల్లబడినను పలుచగా, నున్నగా నున్నచో భయము లేదు. పాలు కలిపిన టీవలె తెల్లబారి చిక్కబడిన యెడల లోపలికి నీరు దిగుచున్నదని అర్థము. సాధారణముగా షాఫ్టు చుట్టునున్న రబ్బరు సీలు తెగియుండును. పంకా వెనుక చుట్టుకొన్న నైలాను వల దారము ఆ సీలును కోసివేయుట మన తీరమున మిక్కిలి తరచు. మెరయు ఇనుప రజను కనబడిన పళ్లు అరుగుచున్నవి. ఈ రెండింటిలో ఏది కనబడినను, కొత్త ఆయిలు పోసి ఊరకుండరాదు; అది మేస్త్రీ పని. సీలు మార్చిన తరువాత గాలి ఒత్తిడి పెట్టి చూచు పరికరము అతనియొద్దనే ఉండును. నీరు దిగిన గేరు పెట్టెను రెండు నెలలు అట్లే విడిచిన బేరింగులు తుప్పుపట్టి, సీలుతో పోవలసిన ఖర్చు గేర్లవరకు పోవును.

ఆయిలు బాగున్న యెడల కొత్త ఆయిలును క్రింది రంధ్రమునుండి పైకి ఎక్కించి, పై రంధ్రమున కనబడగానే ముందు పై మరను, పిమ్మట క్రింది మరను బిగించవలెను. వాషర్లు కొత్తవి వేయవలెను. ఇంజనుకు బిగించిన జింకు ముక్కను కూడ చూడవలెను. అది తాను కరిగి ఇంజనును కాపాడుటకే పెట్టబడినది. సగము కరిగినచో మార్చవలెను; దానికి రంగు పూయువారున్నారు, అది పనికిమాలిన పని.

పెట్రోలు వేరు, డీసెలు వేరు

ఇప్పటి పెట్రోలులో నూటికి 20 వంతులవరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు చెమ్మను పీల్చును. సముద్రపు గాలిలో నిలువయున్న పెట్రోలులో ఆ నీరు ఒక హద్దు మీరగానే ఇథనాలుతోసహా వేరుపడి ట్యాంకు అడుగున చేరును. కావున పెట్రోలు ట్యాంకును పూర్తిగా ఖాళీచేయవలెను. ఆయిలు కలిపిన పెట్రోలు మిగిలినదని మందు చల్లు స్ప్రేయరులో పోయరాదు. నీటితో చల్లబడు ఇంజనుకై చేసిన ఆయిలు, గాలితో చల్లబడు స్ప్రేయరు వేడికి తాళదు. నిషేధమునకు ముందు వారమునుండి కొద్దికొద్దిగా కొనుటయే మేలు.

డీసెలు సంగతి దీనికి వ్యతిరేకము. సగము ఖాళీయైన ట్యాంకులో రాత్రి చల్లదనమునకు గోడలపై నీటిబొట్లు పట్టి అడుగునకు దిగును. ట్యాంకును నిండుగ నుంచవలెను, లేదా పూర్తిగా వదలి తుడిచి ఆరబెట్టవలెను. నిండు ట్యాంకుకు తాళము ఉండవలెనని రేవులో ఉన్నవారికి చెప్ప నక్కరలేదు. ఇంజను ఆయిలును పడవ ఒడ్డెక్కినపుడే, ఇంజను వేడిగా నుండగా మార్చవలెను. వాడిన ఆయిలులోని ఆమ్లములు రెండు నెలలు బేరింగులను తినుచుండును గనుక, దింపునపుడు మార్చుదమని ఆగుట తగదు. గాలి పీల్చు ద్వారమును, పొగగొట్టమును నూనెగుడ్డతో మూయవలెను. బ్యాటరీని ఊడదీసి ఇంట నుంచి, నెలకొకసారి చార్జి చేయించవలెను.

వేటతో సంబంధము లేని రైతులు సైతము తమ డీసెలు నీటి ఇంజనులకు, స్ప్రేయర్లకు ఇందలి ఇంధనపు మాటలను వర్తింపజేసికొనవచ్చును.

మేస్త్రీకి ఇవ్వవలసిన పనులు

డీసెలు ఇంజెక్షను పంపును, నాజిళ్లను యజమాని విప్పరాదు. ఇసుక ఎగురు ఒడ్డున కూర్చొని మేస్త్రీ విప్పెదనన్నను ఒప్పుకొనరాదు. ఆ భాగముల నడుమ ఎడము వెంట్రుకకంటె సన్నము. ఒక్క ఇసుక రేణువు చాలును. వానిని పరీక్ష బల్లయున్న దుకాణమునకే పంపవలెను. నాజిలునుండి వచ్చు తుంపరకు చేయి అడ్డుపెట్టుట ప్రాణాపాయము; అది చర్మమును చీల్చుకొని లోనికి పోవును.

మరపడవలలో పంకా షాఫ్టును ఇంజనుతో సూటిగా సరిచూచు పని కూడ మేస్త్రీదే. ఒడ్డుపైనున్న పడవ ఆకృతికిని, నీటిలో తేలు పడవ ఆకృతికిని కొంత భేదముండును. అందుచే తుది సరిచూపు పడవ నీట దిగిన తరువాతనే జరుగవలెను. ఒడ్డుననే ముగించి కూలి పుచ్చుకొను మేస్త్రీని ఆ దినమున మరల పిలువవలెను. గ్యారంటీ కాలములోనున్న ఇంజనును కంపెనీవారి మేస్త్రీ తప్ప ఇతరులు విప్పరాదు, బిల్లులు భద్రపరచవలెను.

ఫైబరు పడవను కొయ్య సుత్తితో మెల్లగా తట్టి చూడవలెను. గణగణమని పలికిన చోట గట్టిదనము ఉన్నది. మొద్దుగా పలికిన చోట పొరలు విడినవి. గీతలను యజమాని పూడ్చుకొనవచ్చును గాని విడిన పొరలు పనివానికే వదలవలెను. రెసినును గట్టిపరచు మందును, త్వరపరచు మందును ఒకదానితో ఒకటి నేరుగా కలిపిన ప్రేలును; రెండింటిని వేరువేరుగా రెసినులోనే కలుపవలెను. చెక్క పడవకు రోహిణి ఎండలో పలకలు ఎండి సందులు విడును. తాటాకు నీడ వేసి, సాయంకాలము నీరు చల్లుట ఇంటివారు చేయగలరు. సందులలో నూలు కూరి గుగ్గిలము పట్టించుట మాత్రము తాళ్ళరేవువంటి చోట్ల తరతరములుగా ఆ పని చేయు వడ్రంగుల చేతికే తగును.

ఎప్పుడు ఇవ్వవలెను

జూన్ మొదటి వారములో మేస్త్రీ పాకముందు ఇంజనులు వరుస కట్టును. అప్పుడు కూలియు హెచ్చును, శ్రద్ధయు తగ్గును. ఏప్రిల్ నెలాఖరులోగా గేరు ఆయిలు చూచి, లోపములను ఒక కాగితముపై వ్రాసి మేస్త్రీకి ఇచ్చినవానికి సామాను తెప్పించుకొనుటకు వ్యవధి ఉండును. కూలి ఇంత, సామాను ఇంత అని ముందే వేరువేరుగా వ్రాయించుకొనవలెను. మార్చిన పాత భాగములను తిరిగి అడుగవలెను. మంచి మేస్త్రీ దీనికి కోపగించుకొనడు.

గ్రామ సచివాలయములలోని మత్స్యశాఖ సహాయకులును, గ్రామ పెద్దలును ఇక్కడ ఒక మేలు చేయగలరు. పది పడవలవారు కలిసి ఒక మేస్త్రీని మూడు నాలుగు దినములు రేవునకే రప్పించినచో, ఇంజనులను పట్టణమునకు మోయు ఖర్చు తప్పును, పదిమంది యెదుట పని జరుగును.

మే నెల తుఫానులను మరువరాదు. 1990 మే 9న వచ్చిన తుఫాను, 2010 మే 20న బాపట్ల వద్ద తీరము దాటిన లైలా, 2022 మేలో వచ్చిన అసానీ ఈ నిషేధకాలపు నెలలోనే వచ్చినవి. పడవను పోటునీరు అందని ఎత్తునకు చేర్చి, అడుగు మొత్తము ఆనునట్లు ఇసుక మూటలపై కూర్చుండబెట్టి, అడుగు బిరడాను తీసి ఉంచవలెను. ఘనమీటరు వాననీరు 1000 కిలోల బరువు. బిరడా తీయని పడవ ఒక్క పెద్దవానకే తన బరువుతో తాను పగులును.

దింపు నాడు

గంగమ్మకు కొబ్బరికాయ కొట్టుటకు ముందే బిరడా బిగించినది లేనిది చూడవలెను. తీసిన బిరడాను, పొగగొట్టమునకు పెట్టిన గుడ్డను మరచువారు తక్కువేమి కాదు. ఆ రెండింటి జ్ఞాపకార్థము చుక్కానికి ఎర్రగుడ్డ కట్టుట మంచి అలవాటు. డీసెలు ఫిల్టరు అడుగుమరను వదలి నీరు తీయవలెను. ప్లగ్గులకు అంటిన ఆయిలు తుడువవలెను. ఇంజను కదలినపిదప నీటిధార చూచి, మొదటి దినమున వలలు వేయక, ఒడ్డు కనబడునంత దూరములో ఒక గంట నడిపి తిరిగి రావలెను. ఆ గంటసేపు మేస్త్రీని కూడ పడవలో కూర్చుండబెట్టుకొనుట మంచిది. మిగిలిన కూలి ఒడ్డుకు వచ్చిన తరువాత ఇవ్వవచ్చును.