మందులు, మూలికలు, మగవారి సంతానశక్తి – సెలవు మీద ఊరికి వెళ్ళే ముందు తెలుసుకోవలసిన విషయాలు



బురైమిలో కాంట్రాక్టు మీద పనిచేసే మన వాళ్ళలో చాలామందికి రెండేళ్ళకు ఒకసారి, రెండు నెలల సెలవు దొరుకుతుంది. పెళ్ళయి నాలుగేళ్ళయినా పిల్లలు లేకపోతే ఊళ్ళో అందరూ ముందు భార్యనే అడుగుతారు. ఇక్కడ క్యాంపులో భర్త ఎవరో చెప్పిన క్యాప్సూల్స్, చూర్ణాలు కొని రహస్యంగా మింగుతుంటాడు. ఆ మందుల్లో కొన్ని పనిచేయవు. కొన్ని ఉన్న శక్తిని కూడా తగ్గిస్తాయి. సిగ్గుపడి ఎవరినీ అడగకపోవడం వలన డబ్బూ పోతుంది, విలువైన సెలవూ పోతుంది. అందుకే ఈ పాఠం. దీనిని చదివి, చదువురాని రూమ్మేట్లకు కూడా వినిపించగలరు.

1. ముందుగా మూడు నెలల లెక్క

మగవారి వృషణాలలో శుక్రకణాలు ప్రతిరోజూ తయారవుతూనే ఉంటాయి. కానీ ఒక్కో కణం మొదలుపెట్టి పూర్తిగా తయారు కావడానికి సుమారు 72 నుంచి 74 రోజులు పడుతుంది. తరువాత అది గొట్టాలలో ప్రయాణించి, కదలిక నేర్చుకోవడానికి మరికొన్ని రోజులు పడుతుంది. మొత్తం సుమారు మూడు నెలలు అనుకోండి.

దీని అర్థం ఏమిటంటే, ఈ రోజు మీరు మింగిన మందు ప్రభావం మూడు నెలల దాకా కనిపించవచ్చు. విమానం ఎక్కే ముందు రోజు మందు మానేస్తే లాభం లేదు. సెలవులో ఏ విత్తనం ఉంటుందో మూడు నెలల ముందే బురైమిలో నిర్ణయమైపోతుంది.

ఇంకొక మాట. పడకలో శక్తి వేరు, సంతానశక్తి వేరు. అంగస్తంభన బాగా ఉన్నవాడికి శుక్రకణాలు తక్కువ ఉండవచ్చు. ఒక్కోసారి ఇబ్బంది పడేవాడికి కణాలు పుష్కలంగా ఉండవచ్చు. మొదటిదానికి అమ్మే మందు రెండవదానికి పనికిరాదు.

2. డాక్టరు రాసే మందులలో జాగ్రత్త పడవలసినవి

సాధారణ జ్వరానికి, ఒళ్ళు నొప్పులకు అప్పుడప్పుడు వేసుకునే పారాసిటమాల్ మాత్రల గురించి భయపడనక్కరలేదు. కింద చెప్పినవి వాడుతున్నవారు మాత్రం "మాకు పిల్లలు కావాలి" అని డాక్టరుకు చెప్పాలి.

• కిడ్నీ రాళ్ళ మందు: ఎండలో పనిచేసి నీళ్ళు తక్కువ తాగేవారికి రాళ్ళు రావడం మామూలే. రాయి పడిపోవడానికి టామ్సులోసిన్ అనే మందు ఇస్తుంటారు. ఇది వాడినన్ని రోజులు కొందరికి వీర్యం బయటకు రాదు, లేక చాలా తక్కువ వస్తుంది. మందు ఆపాక మళ్ళీ మామూలు అవుతుంది. ఈ సంగతి తెలియక "నాకు మగతనం పోయింది" అని కంగారుపడవద్దు.

• తామరకు మింగే మాత్రలు: కీటోకొనజోల్ మాత్ర శరీరంలో మగ హార్మోను తయారీని తగ్గిస్తుంది. కాలేయానికి కూడా ప్రమాదం. అందుకే 2013లో ఈ మాత్రల వాడకాన్ని ఆపాలని ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ సూచించింది, అమెరికా సంస్థ బాగా పరిమితం చేసింది. పైన రాసుకునే క్రీముతో ఈ భయం లేదు.

• జుట్టు రాలకుండా వేసుకునే మాత్ర: ఫినాస్టెరైడ్ వలన కొందరిలో శుక్రకణాలు తగ్గుతాయి. ఆపిన తరువాత కొన్ని నెలల్లో సాధారణంగా కోలుకుంటాయి.

• పేగు పుండ్ల జబ్బుకు, కీళ్ళవాతానికి ఇచ్చే సల్ఫాసలజీన్: ఇది శుక్రకణాలను తగ్గిస్తుందని 1979లోనే డాక్టర్లు గుర్తించారు. ఆపితే రెండు మూడు నెలల్లో తిరిగి పెరుగుతాయి. పేగు జబ్బుకు దీని బదులు వేరే మందు ఉంది.

• మూర్ఛ మందు వాల్‌ప్రోయేట్: దీనిని వాడే మగవారి విషయంలో జాగ్రత్తలు తీసుకోవాలని 2024లో ఐరోపా ఔషధ సంస్థ సూచించింది. తండ్రి కావాలనుకునేవారు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి.

• నొప్పి మాత్రలు ట్రమడాల్, కొడీన్: వీటిని ఎక్కువకాలం వాడితే మెదడు నుంచి వచ్చే హార్మోను సంకేతాలు తగ్గి, మగ హార్మోను పడిపోతుంది. పైగా ఇవి నియంత్రిత మందులు. ప్రిస్క్రిప్షన్ లేకుండా దగ్గర ఉంటే గల్ఫ్ దేశాల్లో కేసు అవుతుంది.

ముఖ్య గమనిక: ఈ జాబితా చూసి ఏ మందూ సొంతంగా ఆపవద్దు. మూర్ఛ మందు ఒక్కసారిగా మానేసి స్కాఫోల్డింగ్ ఎక్కితే ప్రాణానికే ముప్పు. బీపీ, మానసిక ఆందోళన మందులు కూడా అంతే. ఆపాలా, మార్చాలా అనేది డాక్టరే చెప్పాలి.

3. కండల కోసం, బలం కోసం వేసుకునే ఇంజక్షన్లు

టెస్టోస్టిరాన్ మగ హార్మోనే కదా, వేసుకుంటే పిల్లలు తొందరగా పుడతారు అని కొందరు నమ్ముతారు. నిజం దీనికి పూర్తిగా వ్యతిరేకం.

మీ సైటు లెక్కలో చెప్పుకుందాం. మెదడు ఫోర్‌మన్ లాంటిది. వృషణాలు పని జరిగే చోటు. హార్మోను సరుకు బయట నుంచి లారీల్లో వచ్చి పడితే, ఫోర్‌మన్ "ఇక మన దగ్గర తయారీ అక్కరలేదు" అని పని ఆపేస్తాడు. అప్పుడు శుక్రకణాల తయారీ కూడా ఆగిపోతుంది. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులైన మగవారికి వారం వారం టెస్టోస్టిరాన్ ఇంజక్షన్ ఇచ్చి ఒక పరిశోధన ప్రచురించింది. ఆరు నెలల్లో సగం కంటే ఎక్కువ మందిలో శుక్రకణాలు సున్నాకు వచ్చాయి. అంటే అది పిల్లలు పుట్టకుండా ఆపే మందుగా పనిచేసింది. ఇంజక్షన్ ఆపితే చాలామంది కోలుకుంటారు గానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. జిమ్‌లో ఇచ్చే స్టెరాయిడ్లది కూడా ఇదే కథ.

4. మొక్కల మందులు: మంచివి, చెడ్డవి

"ఆకు పసరే కదా, హాని ఏముంది" అని అనుకోవద్దు. మొక్కలలో కూడా బలమైన రసాయనాలు ఉంటాయి.

పత్తిగింజ: వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు వాళ్ళకు పత్తి తెలియనిది కాదు. గింజలో గాసిపాల్ అనే పసుపు పదార్థం ఉంటుంది. శుద్ధి చేయని పత్తిగింజల నూనె వంటకు వాడిన చైనా పల్లెల్లో పిల్లలు పుట్టకపోవడం గమనించి, 1950లలో అక్కడి వైద్యులు దీనిని అనుమానించారు. 1970లలో ఎనిమిది వేలకు పైగా మగవారికి గాసిపాల్ మాత్రలు ఇచ్చి చూశారు. శుక్రకణాలు బాగా తగ్గాయి. కానీ కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయి కాళ్ళూచేతులు చచ్చుబడ్డాయి. మరికొందరికి మందు ఆపినా శుక్రకణాలు తిరిగి రాలేదు. చివరకు ఆ ప్రయత్నాన్ని వదిలేశారు. అంగట్లో దొరికే శుద్ధి చేసిన పత్తిగింజల నూనెలో ఈ పదార్థాన్ని తీసివేస్తారు, దానితో వంట చేసుకోవచ్చు.

బొప్పాయి గింజలు: జైపూర్‌లోని రాజస్థాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బొప్పాయి గింజల సారాన్ని కొండముచ్చులకు ఇవ్వగా శుక్రకణాలు లేకుండా పోయాయి, ఆపిన తరువాత తిరిగి వచ్చాయి. ఈ ఫలితం 2002లో ప్రచురితమైంది. ఇది గింజల నుంచి రసాయనంతో తీసిన సారం. పండు తినడానికీ దీనికీ సంబంధం లేదు. గింజలను పొడి చేసి రోజూ మింగే అలవాటు మాత్రం వద్దు.

వేప: ఎలుకలపై చేసిన పరీక్షల్లో వేపాకు సారం శుక్రకణాలను తగ్గించింది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు తిన్నందుకు ఏమీ కాదు. షుగర్ తగ్గాలని నెలల తరబడి వేప పసరు తాగేవారు ఆలోచించుకోవాలి.

అశ్వగంధ, దూలగొండి: ఈ రెండింటి మీద లక్నోలో 2009, 2010 ప్రాంతంలో జరిగిన పరిశోధనల్లో కొందరు మగవారిలో వీర్యం నాణ్యత మెరుగుపడింది. అవి చిన్న పరిశోధనలు. అందరికీ పనిచేస్తుందన్న హామీ లేదు. అశ్వగంధ వలన కొందరికి కామెర్లు, కాలేయం దెబ్బతినడం కూడా జరిగింది. థైరాయిడ్, కాలేయ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడకూడదు.

5. సీసాలో నిజంగా ఏముంది?

క్యాంపు దగ్గర, సంతల్లో, తెలిసిన వాళ్ళ ద్వారా వచ్చే "నూరు శాతం మూలికలు" అనే క్యాప్సూల్స్‌లో రెండు రకాల మోసం జరుగుతుంది.

మొదటిది: లేబుల్ మీద రాయకుండా సిల్డెనాఫిల్ అనే అల్లోపతి మందు కలుపుతారు. అలాంటి ఉత్పత్తుల మీద అమెరికా ఔషధ సంస్థ ఎన్నోసార్లు హెచ్చరికలు ఇచ్చింది. ఇది శుక్రకణాలను పెంచదు. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు ఇది వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు.

రెండవది: కొన్ని లేహ్యాలు, భస్మాలలో సీసం, పాదరసం ఉంటాయి. 2004లో అమెరికాలోని బోస్టన్ పరిసరాల అంగళ్ళలో దొరికిన 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే, 14 ఉత్పత్తుల్లో సీసం, పాదరసం లేక ఆర్సెనిక్ బయటపడింది. సీసం శుక్రకణాలను దెబ్బతీస్తుంది. పిల్లల కోసం తిన్న మందే పిల్లలు పుట్టకుండా చేస్తుందన్నమాట.

ఊరి నుంచి వచ్చేటప్పుడు ఎవరో ఇచ్చిన పొడి పొట్లాలు, పేరు లేని మాత్రలు తీసుకురావద్దు. పక్కనే ఉన్న అల్ ఐన్ వైపు సరిహద్దు దాటేటప్పుడు కూడా అంతే. మీ సొంత మందులు అసలు ప్యాకెట్‌లో, డాక్టరు చీటీతో ఉండాలి. సంచిలో దొరికింది మీదే అవుతుంది, "స్నేహితుడిది" అంటే ఎవరూ వినరు.

6. పని స్థలం కూడా మందులాంటిదే

వృషణాలు శరీరం బయట వేలాడుతూ ఉండటానికి కారణం ఉంది. అవి ఒంటి వేడి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి. బేకరీ పొయ్యి దగ్గర, వెల్డింగు దగ్గర గంటల తరబడి ఉండేవారు బిగుతు లోదుస్తులు మానాలి, మధ్యలో నీడకు వెళ్ళాలి, నీళ్ళు తాగాలి. ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 దాకా ఎండలో పని చేయించకూడదనే నియమం ఉంది. అది మీ హక్కు.

ఖర్జూర తోటల్లో పురుగుమందు కొట్టేవారికి ఒక నిజమైన సంఘటన. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, లేత్రాప్ అనే ఊరిలో పురుగుమందుల ఫ్యాక్టరీ కార్మికులు తమలో తాము మాట్లాడుకుంటూ, తమలో చాలామందికి ఎన్నాళ్ళుగానో పిల్లలు పుట్టడం లేదని గమనించారు. పరీక్ష చేస్తే వాళ్ళలో పలువురికి శుక్రకణాలు చాలా తక్కువ, కొందరికి అసలే లేవు. కారణం వారు తయారుచేసే డిబిసిపి అనే మందు. 1979లో అమెరికా దాని వాడకాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. ముందు కనిపెట్టింది డాక్టర్లు కాదు, సిగ్గు వదిలి మాట్లాడుకున్న కార్మికులు. మందు కొట్టేటప్పుడు గ్లవ్స్, మాస్కు అడగండి. బట్టలు వేరుగా ఉతకండి. చేతులు కడగకుండా తినవద్దు.

సిగరెట్, ఖైనీ, ఎక్కువ మద్యం, గంజాయి – ఇవన్నీ శుక్రకణాలకు హాని చేసేవే. గంజాయి అయితే జైలు కూడా.

7. సెలవు లెక్క, పరీక్ష లెక్క

భార్యాభర్తలు ఏ గర్భనిరోధక పద్ధతీ వాడకుండా 12 నెలలు కలిసి ఉన్నా గర్భం రాకపోతేనే డాక్టర్లు సంతానలేమి అంటారు. రెండేళ్ళకు రెండు నెలల సెలవు లెక్కన 12 నెలలు కలిసి ఉండటానికి మీకు 12 ఏళ్ళు పడుతుంది! ఆరోగ్యంగా ఉన్న జంటకు కూడా ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం నాలుగు, ఐదింట ఒక వంతే. కాబట్టి ఒక సెలవులో గర్భం రాలేదని భార్యను నిందించడం అన్యాయం. మిమ్మల్ని మీరు నిందించుకోవడం కూడా తప్పే. సంతానలేమి ఉన్న జంటల్లో సుమారు సగం కేసుల్లో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది.

చేయవలసిన పనులు:

1) సెలవుకు కనీసం నాలుగు నెలల ముందు వీర్య పరీక్ష చేయించుకోండి. లైసెన్సు ఉన్న క్లినిక్‌లో అడిగితే చెబుతారు. పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా ఉండాలి.

2) ఫలితం తక్కువ వస్తే భయపడి చూర్ణం కొనవద్దు. ఈ మధ్య గట్టి జ్వరం వచ్చి ఉంటే కూడా తగ్గుతుంది. కొన్ని వారాల తరువాత రెండవసారి పరీక్ష చేయించాలి. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకం ప్రకారం ఒక మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు కింది హద్దు. దానికంటే తక్కువ ఉన్నవారికి కూడా పిల్లలు పుట్టవచ్చు.

3) వృషణాల దగ్గర నరాలు ఉబ్బి ఉంటే, అంటే వేరికోసిల్ ఉంటే, డాక్టరుకు చూపించండి. దానికి వైద్యం ఉంది.

4) మీరు వాడే ప్రతి మందు, చూర్ణం పేరు కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. దాచవద్దు.

5) సెలవు తేదీ మీ చేతిలో ఉంటే, భార్యతో ఫోన్లో మాట్లాడి నిర్ణయించుకోండి. తరువాతి బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు అండం విడుదల అవుతుంది. ఆ రోజు, దానికి ముందటి ఐదు రోజులు ముఖ్యమైనవి.

8. తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: ఇప్పుడే పిల్లలు వద్దు. పసరు తాగితే సరిపోతుందా?
జవాబు: సరిపోదు. మగవారికి ఆమోదం పొందిన గర్భనిరోధక మాత్ర గానీ మూలిక గానీ నేటికీ లేదు. నిరోధ్ వాడండి.

ప్రశ్న: ఆరు నెలలు స్టెరాయిడ్ వాడాను. ఇక పిల్లలు పుట్టరా?
జవాబు: ఆశ వదులుకోవద్దు. డాక్టరును కలిసి ఆపండి, మూడు నెలలకు ఒకసారి పరీక్ష చేయించండి.

ప్రశ్న: డాక్టరుతో చెప్పడానికి భాష రాదు, సిగ్గుగా ఉంది.
జవాబు: "పిల్లల కోసం పరీక్ష" అన్న ఒక్క మాట హిందీలో చెప్పినా చాలు. నమ్మకమైన తోటి కార్మికుణ్ణి వెంట తీసుకెళ్ళండి. జబ్బు చేసినా కంపెనీ వైద్యానికి పంపకపోతే, మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయం సంక్షేమ విభాగానికి తెలియజేయగలరు. 2015 నుంచి నడుస్తున్న మదద్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు రాయవచ్చు.

చివరి మాట

సోదరులారా, మీరు ఎండలో సంపాదించిన రియాల్‌ను పేరులేని సీసాకు ఇవ్వకండి. దానికంటే తక్కువ ఖర్చుతో ఒక పరీక్ష అయిపోతుంది. ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు ఇంటావిడతో ఒక మాట చెప్పండి: "తప్పు నీదే అని ఎవరన్నా పట్టించుకోకు, ముందు నేను పరీక్ష చేయించుకుంటాను." ఆ మాట ఆమెకు ఏ మందూ ఇవ్వలేని ధైర్యం ఇస్తుంది.