పులస పులుసు సికింద్రాబాద్ చేరాక

రాజమండ్రి,
ఆషాఢ మాసం.

చిరంజీవి చిన్నబ్బాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

గోదావరికి ఎర్రనీరు వచ్చేసింది. సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతూ వచ్చే పులసలు ధవళేశ్వరం దిగువన వలల్లో పడుతున్నాయి. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేయించినప్పటి నుంచీ వాటి ఎదురీత అక్కడితో సరి. యానాంలో వేలంపాట పెడితే ఒక్కో చేప వేలల్లో పలుకుతోంది. పుస్తెలమ్మయినా పులస తినాలన్న పెద్దలు, ఆ పులుసు రాత్రి రైలెక్కి తెల్లారేసరికి సికింద్రాబాద్ స్టేషన్లో దిగుతుందనీ, తార్నాకలో మూడో అంతస్తు ఫ్రిజ్‌లోకి చేరుతుందనీ ఊహించి ఉండరు.

అంత ఖరీదైన కూరను ఎన్నాళ్ళు దాచుకోవచ్చు, ఎలా వేడి చేసుకోవాలి అని నువ్వడిగినదానికి ఫోనులో రెండు ముక్కల్లో జవాబు తేలదు. అందుకే ఈ ఉత్తరం. సికింద్రాబాద్‌లో చాలా ఏళ్ళు కాపురం చేసి వచ్చిన మీ పెద్దమ్మకు అక్కడి ఎండలూ, చేపల బజార్లూ, కరెంటు కోతలూ బాగానే తెలుసు.

ముందుగా గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. వండిన చేప మంచిచెడ్డలు తేలేది మళ్ళీ వేడి చేసేటప్పుడు కాదు, పొయ్యి ఆపాక మొదటి రెండు గంటల్లో. ఫ్రీజర్ గడియారాన్ని ఆపుతుందే గానీ వెనక్కి తిప్పదు. ఏ స్థితిలో ఉన్న కూరను లోపల పెడితే సరిగ్గా ఆ స్థితిలోనే బయటికి వస్తుంది. గడ్డకట్టినంత మాత్రాన సూక్ష్మజీవులన్నీ చావవు, చాలావరకు కదలకుండా పడుంటాయి. మళ్ళీ వెచ్చబడగానే ఆపిన చోటి నుంచే పని మొదలుపెడతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇంటి వంటకు అయిదు సూత్రాలు చెప్పింది. వండినది గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదనేది వాటిలోదే. అయిదు డిగ్రీల పైన, అరవై డిగ్రీల లోపల ఉన్న వేడి సూక్ష్మజీవులకు పండగ. అమెరికా వ్యవసాయ శాఖ ఇంకో అడుగు ముందుకేసి, బయట 32 డిగ్రీలు దాటితే రెండు గంటలు కాదు, ఒక్క గంటే అంటుంది. సికింద్రాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో వంటగది ఎంత కాగుతుందో నీకు చెప్పక్కర్లేదు.

“మళ్ళీ ఓసారి తెర్లనిస్తే పోయేదానికి ఇంత గొడవెందుకు?” అంటారు మీ నాన్న. సగం నిజమే. మరిగితే బతికున్న సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి. కానీ కొన్ని తాము బతికున్నప్పుడు కూరలోకి వదిలిన విషం మరిగినా పోదు. మనుషుల చేతుల మీద, ముక్కులో ఉండే స్టెఫిలోకాకస్ అలాంటిదే. వడ్డించేటప్పుడు వేలు తగిలిన కూర మధ్యాహ్నమంతా బల్ల మీద ఉంటే, రాత్రి ఎంత తెర్లించినా ఆ విషం అలాగే ఉంటుంది. కానాగంతలు, ట్యూనా వంటి సముద్రపు చేపల్లో మరో చిక్కుంది. పచ్చిగా ఉన్నప్పుడు ఐసు లేకుండా పడుంటే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి దాని లక్షణాలు. వండినా అది పోదు, గడ్డకట్టించినా పోదు. కాబట్టి అనుమానంగా ఉన్న చేపను పులుసు పెట్టి ఫ్రీజర్లో దాచడమంటే, అనుమానాన్నే దాచుకోవడం.

మరి ఫ్రిజ్‌లు లేని రోజుల్లో మీ అమ్మమ్మ పులుసును రెండు మూడు రోజులు ఎలా ఉంచేది? చింతపండు పులుపు చాలా సూక్ష్మజీవులకు సరిపడదు. దాక మీద తేలిన నూనె గాలిని కొంత ఆపుతుంది. పైగా ఆవిడ పొద్దునా సాయంత్రం పులుసును తెర్లనిచ్చి, గరిటె పెట్టకుండా మూత వేసి ఉంచేది. ఇంతా చేసినా అది పులుసుకే చెల్లేది. అదే చేప వేపుడుకీ, కొబ్బరిపాలు పోసిన కూరకీ ఆ ధీమా పనికిరాదని ఆవిడకు తెలుసు. పులస పులుసు మర్నాటికి రుచెక్కుతుందనేదీ నిజమే. పులుపూ ఉప్పూ కారం నెమ్మదిగా ముక్క లోపలికి దిగాలి కదా. ఆ రాత్రంతా దాక పొయ్యి గట్టు మీద ఉండాలని మాత్రం ఎక్కడా లేదు. ఫ్రిజ్‌లో ఉన్నా ఆ దిగడం ఆగదు.

ఇక చల్లార్చడం. పెద్ద గిన్నెతో వేడివేడిగా ఫ్రిజ్‌లో పెడితే గిన్నె నడిమి భాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, పక్కనున్న పాలూ పెరుగూ వేడెక్కుతాయి. పులుసును వెడల్పాటి రెండు మూడు గిన్నెల్లోకి పలచగా సర్దు. వాటిని చన్నీళ్ళు పోసిన పళ్ళెంలో నిలబెట్టు. ఆవిరి పోవడానికి మూత ఓరగా వెయ్యి. అరగంటలో చేతికి వేడి తగలకుండా చల్లారుతుంది. అప్పుడు డబ్బాల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టు, బాగా చల్లబడ్డాక ఫ్రీజర్లోకి ఎక్కించు. చింతపండు పులుసును అల్యూమినియం గిన్నెలో మాత్రం వదిలెయ్యకు, పులుపు లోహాన్ని తింటుంది.

త్వరగా గడ్డకట్టించడంలో ఒక కిటుకుంది. దాన్ని ప్రపంచానికి వ్యాపారంగా చూపించినవాడు క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్. 1912 తర్వాత కొన్నేళ్ళు కెనడాలోని లాబ్రడార్ తీరాన ఉన్నాడు. అక్కడి ఇన్యూట్ ప్రజలు పట్టిన చేపలు ఆ చలిగాలికి క్షణాల్లో గడ్డకట్టడం, నెలల తర్వాత కరిగించి వండినా తాజా రుచే రావడం గమనించాడు. 1924లో చేపల కంపెనీ పెట్టి, చల్లటి లోహపు పలకల నడుమ ఆహారాన్ని వేగంగా గడ్డకట్టించే యంత్రాలు తయారు చేశాడు. అందులోని శాస్త్రం సులువే. నెమ్మదిగా గడ్డకడితే ముక్కలోని నీరు పెద్ద పెద్ద మంచు పలుకులుగా మారి కండను చీలుస్తుంది. కరిగాక రసమంతా కారిపోయి ముక్క పీచులా మిగులుతుంది. వేగంగా గడ్డకడితే పలుకులు సన్నగా ఉండి కండ నిలుస్తుంది. ఇంటి ఫ్రీజర్‌కి ఆ వేగం లేదు కాబట్టి నువ్వు చేయగలిగింది పొర పలచగా ఉంచడం. రెండు మూడు ముక్కలు మునిగేంత పులుసుతో జిప్ కవరులో పోసి, గాలి తీసేసి, పళ్ళెం మీద పరిచి పెట్టు. డబ్బా అయితే పైన వేలెడు ఖాళీ వదులు. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, అంచుదాకా నింపిన గాజు సీసా పగిలిపోతుంది. ముక్క పులుసులో పూర్తిగా మునగాలి. బయటికి తేలిన చోట గాలి తగిలి ఎండి తెల్లబడుతుంది.

అన్ని చేపలూ ఒకేలా నిలవవు. కొర్రమీను, వంజరం, పండుగప్ప గట్టి కండవి, పులుసులో దాచడానికి అనువు. బొచ్చె, శీలావతి కూడా ఫరవాలేదు. పులస సంగతి వేరు. దాని గొప్పతనమంతా కొవ్వులో ఉంది, దాని బలహీనతా అదే. చేప కొవ్వు ఫ్రీజర్లో కూడా నెమ్మదిగా గాలితో కలిసి కనరు వాసన పడుతుంది. మామూలు చేప కూర రెండు మూడు నెలలు రుచిగా ఉంటే, పులసను నెలలోపే తినేసెయ్యి. ఫ్రీజర్‌కి పంపకుండా కింది అరలోనే ఉంచితే ఏ చేప కూరయినా మూడు రోజుల మాటే, నాలుగో రోజు చివరి గడువు.

పులుసులో పడే కూరగాయల గురించి ఎవరూ చెప్పరు. బెండకాయ గడ్డకట్టి కరిగితే జిగురు ముద్ద, వంకాయ చిత్తడి, బంగాళాదుంప ఇసుకలా పలుకులు పలుకులు. అందుకే దాచబోయే పులుసు వాటిని వేయకుండా పెట్టాలి. తినే రోజున బెండకాయల్ని వేరే బాండీలో కాస్త నూనెలో మగ్గనిచ్చి, పులుసు తెర్లుతుండగా వెయ్యి. కొత్తిమీర కూడా అప్పుడే. ఆవకాయ మీది నూనె ఒక చెంచా చివర్న వేస్తే ఫ్రీజర్లో తగ్గిన ఘాటు తిరిగి వస్తుంది.

పులసను పక్కన పెడితే, నీకు వారంవారం దొరికేది రామ్‌నగర్ చేపల మార్కెట్ సరుకు. ముషీరాబాద్ వైపు ఆదివారం పొద్దున్నే ఆ బజారు ఎలా కిటకిటలాడుతుందో చూశావు కదా. జూన్ మొదటి పక్షంలో మృగశిర కార్తె వచ్చిందంటే జంట నగరాలన్నీ చేప తినాలి. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని వారి చేప ప్రసాదానికి వరసలు కడతారు, తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను ధర ఎగిరి కూర్చుంటుంది. ఆ హుషారులో అవసరానికి మించి కొని, సగం పచ్చిది, సగం వండినది ఫ్రీజర్లో కుక్కడం అక్కడ మామూలే. బతికున్న కొర్రమీను సరే, సముద్రపు చేప మాత్రం కోస్తా నుంచి ఐసు పెట్టెల్లో అంతదూరం వచ్చినది, కొన్నిసార్లు దారిలో ఒకసారి గడ్డకట్టి కరిగినది కూడా. అలాంటిదాన్ని పచ్చిగా మళ్ళీ గడ్డకట్టించడం కన్నా ఆ రోజే వండేసి, కూరగా దాచుకోవడం మేలు. పచ్చి చేప ఉన్న డబ్బా ఎప్పుడూ కింద, వండినది పైన ఉండాలి.

వేడి చేసే రోజుకు ముందు రాత్రే డబ్బాను ఫ్రీజర్ నుంచి కింది అరలోకి దించు. వంటగది గట్టు మీద పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోకు. మరీ తొందరైతే కవరును చన్నీళ్ళలో ముంచు. కరిగాక వెడల్పాటి గిన్నెలో వేసి సన్న సెగన మూత పెట్టు. గరిటె ముట్టుకోకు. గిన్నె చెవులు పట్టుకుని మెల్లగా కుదుపు, ముక్క విరగదు. పులుసు అంచుల్లోనే కాదు, నడిమధ్య కూడా తెర్లాలి. ముక్క నడుమ నుంచి పొగలు రావాలి. వేడి కొలిచే పుల్ల ఉంటే 74 డిగ్రీలు చూసుకో. చిక్కబడితే నీళ్ళు పోసేది మొదట్లోనే, అదీ వేడినీళ్ళే.

వేపుడుకు పద్ధతి వేరు. ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పళ్ళెంలో గడ్డకట్టించి, తర్వాత ఒకే కవరులో వేసుకుంటే కావలసినన్నే తీసుకోవచ్చు. అట్లపెనం మీద నూనె చుక్కలేసి, సన్న సెగన రెండువైపులా తిప్పితే పైన కరకర తిరిగొస్తుంది. మైక్రోవేవ్‌లో అయితే ముక్క నీరు వదిలి మెత్తబడుతుంది, ఆ వాసన ఫ్లాట్ అంతా రెండు రోజులుంటుంది. పులుసుకు మైక్రోవేవ్ తప్పకపోతే ముక్కల్ని గిన్నె అంచు చుట్టూ పేర్చి, మూతకు సందు వదిలి, మధ్యలో ఒకసారి ఆపి పక్కలు మార్చు. అయ్యాక రెండు నిమిషాలు అలాగే ఉంచితే వేడి సమంగా పాకుతుంది. ఒకసారి వేడి చేసినది ఆ పూటకే. మిగిలింది మళ్ళీ ఫ్రీజర్ ఎక్కకూడదు.

నీ ఫ్రిజ్ సంగతి కూడా చూసుకో. చేప నిలవకు ఫ్రీజర్ సున్నాకు దిగువన 18 డిగ్రీలు ఉండాలి. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌ల పై అర అంత చల్లబడకపోవచ్చు. అందులో ఐస్‌క్రీమ్ రాయిలా ఉండకుండా చెంచాకు మెత్తగా తగిలితే, వండిన చేపను రెండు వారాలకు మించి ఉంచకు. కరెంటు పోతే తలుపు తెరవకు. నిండా ఉన్న ఫ్రీజర్ మూసి ఉంచితే రెండు రోజులు చల్లగా ఉంటుంది, సగం ఉంటే ఒక రోజు. ఊరెళ్ళేటప్పుడు ఒక గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి, మీద రూపాయి బిళ్ళ పెట్టి వెళ్ళు. వచ్చేసరికి బిళ్ళ అడుగుకి దిగి ఉంటే, కరెంటు చాలాసేపు పోయి అంతా కరిగిందన్నమాట. అప్పుడు లోపలున్నది పులస అయినా మొహమాటం లేకుండా పారబోసెయ్యి.

ఈసారి పంపే పులుసు ఇక్కడే రాయిలా గడ్డకట్టించి, థర్మోకోల్ పెట్టెలో ఐసు పలకల మధ్య పెట్టి రాత్రి రైలుకు ఇస్తారు మీ పెదనాన్న. స్టేషన్లో అందుకోగానే తెరిచి చూడు. మధ్యలో ఇంకా గట్టిగా మంచు ఉంటే నేరుగా ఫ్రీజర్లోకి. కరిగినా చేతికి బాగా చల్లగా తగిలితే ఆ పూటే తెర్లనిచ్చి తినేసెయ్యండి. వెచ్చబడితే ఆశపడొద్దు, ఫోను చెయ్యి, ఇంకోటి వండి పంపించడం ఇక్కడి వాళ్ళ పని. డబ్బాల మీద తేదీ రాసిన కాగితం అతికించి ఉంటుంది, పీకకు. బెండకాయలు వేయలేదు, మోండా మార్కెట్లో లేతవి కొనుక్కో. ఖాళీ డబ్బాలు దసరాకు వచ్చేటప్పుడు మూతలతో సహా తీసుకురా.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ