లాఠీ లేని ప్రాసిక్యూటర్

హేగ్‌లో యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రిబ్యునల్ ప్రాసిక్యూషన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. లా చదివే మన పిల్లలు ఫోన్ చేసి “చీఫ్ ప్రాసిక్యూటర్ అంటే బోలెడు పవర్ కదా సార్!” అంటుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

1. చేతిలో చట్టం ఉంటుంది, లాఠీ ఉండదు. 1993లో భద్రతా మండలి ఈ కోర్టును పెట్టింది కానీ ఒక్క కానిస్టేబుల్‌నీ ఇవ్వలేదు. బోస్నియా సెర్బుల సైన్యాధిపతి మ్లాదిచ్‌పై 1995లోనే అభియోగం మోపారు, దొరికింది 2011లో. ఈలోగా మా చీఫ్ ప్రాసిక్యూటర్ కార్లా దెల్ పోంతే లాంటివాళ్లు యూరప్ రాజధానుల చుట్టూ తిరిగి, అతన్ని అప్పగిస్తేనే సెర్బియాను యూరోపియన్ యూనియన్‌ గడప తొక్కనివ్వండని మంత్రుల వెంటపడ్డారు. చివరికి 161 మంది ముద్దాయిల్లో పరారీలో ఒక్కడూ మిగల్లేదు.

2. చంపినవాడికన్నా చంపించినవాడి నేరం రుజువు చేయడం కష్టం. 1995 జులైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో మ్లాదిచ్ సైన్యం ఏడు వేలకు పైగా ముస్లిం మగవాళ్లను, కుర్రాళ్లను చంపి పాతిపెట్టింది. కొన్ని నెలలకే యంత్రాలతో శవాలను తవ్వి వేరేచోట్ల పూడ్చారు. ఒకే మనిషి ఎముకలు వేర్వేరు గోతుల్లో తేలాయి. మట్టి, ఖాళీ తూటాలు, కళ్లకు కట్టిన గుడ్డపీలికలు పోల్చి ఏ శవాలు ఎక్కణ్నుంచి వచ్చాయో నిపుణులు తేల్చారు. అంతా అయ్యాక ‘ఆజ్ఞ ఎవరిది?’ అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. దానికి జవాబు చాటుగా విన్న సంభాషణల్లో, బండ్ల లాగ్ పుస్తకాల్లో, డీజిల్ లెక్కల్లో వెతకాలి. ఆ సైన్యంలోని జనరల్ క్రిస్తిచ్‌కు 2001లో మారణహోమం నేరానికి 46 ఏళ్లు పడింది. అతను తోడ్పడ్డాడే తప్ప జాతిని తుడిచిపెట్టాలన్న ఉద్దేశం రుజువు కాలేదని 2004లో అప్పీలు జడ్జీలు 35కి తగ్గించారు.

3. ఛార్జిషీటు పెరిగేకొద్దీ తీర్పు దూరమవుతుంది. 1999లో గద్దె మీదున్న యుగోస్లావియా అధ్యక్షుడు మిలోషెవిచ్‌పైనే అప్పటి చీఫ్ ప్రాసిక్యూటర్ లూయీజ్ ఆర్బర్ అభియోగం మోపారు. గుండె ధైర్యమంటే అదీ. తర్వాత కొసావో నేరాలకు క్రొయేషియా, బోస్నియాల్లోని నేరాలూ తోడై అభియోగాలు 66 అయ్యాయి. 2002లో మొదలైన విచారణ తేలకుండానే 2006లో ముద్దాయి కస్టడీలో చనిపోయాడు. బాధితులకు తీర్పు దక్కలేదు.

4. ముద్దాయికి పనికొచ్చే కాగితం దాచకూడదు. మా ట్రిబ్యునల్ కాదు, వేరే కోర్టయిన అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు సంగతి చూడండి. దాని తొలి విచారణ కాంగో సాయుధ నాయకుడు లుబాంగాది. బయటపెట్టబోమని మాటిచ్చి తెచ్చుకున్న పత్రాలను ప్రాసిక్యూషన్ డిఫెన్సుకు చూపలేకపోయింది. 2008లో జడ్జీలు విచారణే ఆపేశారు. శిక్ష పడేసరికి 2012 వచ్చింది.

5. మెప్పు ఆశించొద్దు. మా ట్రిబ్యునల్‌లో సెర్బులనే కాదు, క్రొయేట్లను, బోస్నియా ముస్లింలను, కొసావో అల్బేనియన్లను కూడా బోనెక్కించారు. అందరూ తిట్టారు. క్రొయేషియా జనరల్ గోతోవినాకు 2011లో 24 ఏళ్లు పడితే, 2012లో అప్పీలులో నిర్దోషిగా బయటికొచ్చాడు. ప్రాసిక్యూటర్ ఆ తీర్పునూ తలవంచి తీసుకోవాలి. జేజేలు కావాలనుకునేవాళ్లను ఎన్నికల్లో నిలబడమంటాను.